చివరి పేజీ చదవని సిఫారసు

వేసవి సెలవులు మొదలైతే చాలు, కజురా పట్నం లైబ్రరీలో ఇత్సుకోకి ఒళ్ళు మండటం మొదలవుతుంది. ఎండకి కాదు, లోపల ఏసీ ఉంది. ఆ ఏసీ కోసమే ఊళ్ళో ముసలాళ్ళంతా తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడి, లోపలికి రాగానే తలో పేపరూ పట్టుకుని కునికిపాట్లు పడతారు. వాళ్ళ మీదా కాదు ఆమె కోపం. పిల్లల పుస్తకాల కౌంటరు ముందు వరస కట్టే తల్లుల మీద. బడిపిల్లలు సెలవుల్లో ఒక పుస్తకం చదివి, దాని గురించి తమకేమనిపించిందో రాసుకుని బడికి పట్టుకెళ్ళాలి. ఆ సంగతి పిల్లలకంటే ముందు తల్లులకే గుర్తొస్తుంది.

"అన్నిటికంటే సన్నంగా ఉన్నదివ్వండి," అంటుందొకావిడ.

"బొమ్మలు ఎక్కువుండి, రాత తక్కువుండాలి," అంటుంది ఆవిడ వెనకావిడ.

"మావాడికేది నచ్చినా ఒకటే లెండి, రాసేది నేనేగా," అంటుంది మూడో ఆవిడ, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

"అయితే లావుపాటిది తీసుకోండి. మీరు పెద్దవాళ్ళు కదా, చదవగలరు," అంటుంది ఇత్సుకో.

ఇత్సుకో కురమోచికి యాభై ఆరేళ్ళు. ఏడాదికోసారి కాగితం మీద పొడిగిస్తే ఉండే ఉద్యోగం ఆమెది. అలాంటి ఉద్యోగం చేసేవాళ్ళు నోరు కట్టేసుకుని ఉండాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఇత్సుకో నోరు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

ఈ లైబ్రరీలో ఒక పద్ధతుంది. బడి సెలవులు మొదలయ్యే జులై నెల రాగానే గుమ్మం పక్కన పొడుగాటి బల్ల వేస్తారు. పనిచేసేవాళ్ళు తలా కొన్ని పుస్తకాలు ఏరి దాని మీద పెడతారు. ఒక్కో పుస్తకం పక్కన అరచేతంత అట్టముక్క, దాని మీద ఆ పుస్తకం ఎందుకు చదవాలో సొంత చేత్తో రాస్తారు. కింద రాసినవాళ్ళ పేరు. "ఇది ఇత్సుకో పెద్దమ్మ పెట్టిందిరోయ్, దెయ్యాలుంటాయి," అని పిల్లలు తోసుకునేవాళ్ళు. ఫలానా మనిషి ఏం పెడితే ఎలా ఉంటుందో ఊరికంతటికీ తెలుసు.

ఈ ఏడు ఆ పేర్లు పోయాయి. ఏప్రిల్‌లో తదోకోరో గారు కొత్త డైరెక్టరుగా వచ్చాడు. మొన్న మొన్నటి దాకా మంచినీళ్ళ పైపుల శాఖలో ఉన్న మనిషి. టౌను ఆఫీసువాళ్ళు కొన్నేళ్ళకోసారి అందర్నీ ఒక కుర్చీలోంచి లేపి ఇంకో కుర్చీలో కూర్చోబెడుతుంటారు, ఈయన వచ్చి పుస్తకాల మధ్య పడ్డాడు. చెడ్డవాడేం కాదు. పలకరిస్తే నవ్వుతాడు.

"విడివిడిగా పేర్లెందుకండీ? లైబ్రరీ అంతటిదీ ఒకటే గొంతు. 'మా సిబ్బంది సిఫారసు' అని రాస్తే నిండుగా ఉంటుంది," అన్నాడు మీటింగులో. "బల్ల మీద ఖాళీలు కనిపిస్తున్నాయి. నేనూ ఓ నాలుగు రాస్తాను."

"చదివే రాస్తారా?" అనడిగింది ఇత్సుకో. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆమె ఒక్కతే నవ్వలేదు గానీ, అంతకంటే ముందుకీ వెళ్ళలేదు.

కొతోహా అనే నాలుగో తరగతి పిల్ల జులై చివర్లో వచ్చింది. సన్నగా, మోకాళ్ళ నిండా దోమకాట్లతో, తల్లి తోడు లేకుండా ఒక్కతే వరసలో నిలబడింది. చేతిలో 'నారింజ కొండ మీది ఇల్లు' అనే పుస్తకం ఉంది, ఆ బల్ల మీదిదే. అమ్మ ఆసుపత్రిలో ఉంటే సెలవులకి అమ్మమ్మ ఇంట్లో ఉండే ఒక చిన్నపిల్ల కథ. పక్కనున్న అట్టముక్క మీద ఇలా ఉంది: "చివరి దాకా చదివితే మనసు వెలిగిపోతుంది. అమ్మ ఇంటికొచ్చే రోజు ఎంత బావుంటుందో! మా సిబ్బంది సిఫారసు."

"పెద్దమ్మా, ఇందులో అమ్మ ఇంటికొస్తుందా?" అనడిగింది కొతోహా.

ఆ పిల్ల వెనక తల్లుల వరస గుమ్మం దాకా ఉంది. ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఇత్సుకో తలెత్తి బల్ల కేసి చూసింది, ఆ అట్టముక్క చూసింది.

"వస్తుందమ్మా. అదిగో, రాసుంది కదా," అంది. పుస్తకం చేతిలో పెట్టి పంపేసింది.

ఆగస్టు నడిమిన వచ్చే పితృదేవతల పండగకి ముందు వారం, మిట్టమధ్యాహ్నం వేళ, ఆ పిల్ల తండ్రి వచ్చాడు. సెగావా అని, రేవు పక్కన చేపముద్ద ఉడకబెట్టే కార్ఖానాలో పని. పని మధ్యలో వచ్చాడేమో, కాళ్ళకి రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి. కౌంటరు మీద పుస్తకం పెట్టాడు. పెట్టాడనేమిటి, కొట్టాడు. పేపర్ల వెనక కునుకుతున్న ముసలాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు.

"ఆ అట్టముక్క రాసిందెవరు?" అన్నాడు.

"ఏమైందండీ?"

"ఏమైందా? చివర్లో అమ్మ చచ్చిపోతుంది! ఆ పిల్ల ఆసుపత్రికి వెళ్ళి, అమ్మ చెయ్యి పట్టుకుని, రేపొస్తానని చెప్పి ఇంటికొస్తుంది. ఆ రాత్రే చచ్చిపోతుంది. మనసు వెలిగిపోతుందని రాశారు కదా, ఎవరి మనసు వెలిగింది?"

ఇత్సుకో ఒక అడుగు వెనక్కి వేసింది. అలా జరగడం ఆ లైబ్రరీలో ఎవరూ చూడలేదు.

"మా ఆవిడ జిల్లా ఆసుపత్రిలో ఉంది," అన్నాడు సెగావా. గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. "మంగళవారం ఆపరేషను. ఈ పిల్ల రోజూ సాయంత్రం నాతో వచ్చేది. ఈ దిక్కుమాలిన పుస్తకం చదివిన దగ్గర్నించీ రానంటోంది. 'నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే అమ్మ చచ్చిపోతుంది, నేను వెళ్ళకపోతే చావదు' అంటోంది. ఎత్తుకెళ్దామని చూస్తే గుమ్మం పట్టుకుని వదల్లేదు. అక్కడేమో వాళ్ళమ్మ, నా కూతురేదీ, ఆపరేషనుకి ముందు ఒక్కసారి చూపించవయ్యా అంటోంది. నేనేం చెప్పను? బీరపాదుకి నీళ్ళు పోస్తోందని ఎన్నాళ్ళని చెప్పను?"

ఈలోపు లోపలి గదిలోంచి మినెగిషి గారొచ్చింది. లైబ్రరీలో పర్మనెంటు ఉద్యోగం ఉన్న ఇద్దరు ముగ్గురిలో ఆవిడొకతె. ఆవిడ వెనకే తదోకోరో గారు. ఇద్దరూ క్షమించమన్నట్టు నడుం విరిగేలా వంగారు. మిగతావాళ్ళూ వచ్చి వరసగా నిలబడి వంగారు. ఇత్సుకో కూడా వంగింది.

"మా వల్ల మీకు చాలా ఇబ్బంది కలిగింది. లైబ్రరీ తరఫున క్షమాపణలు," అన్నాడు తదోకోరో.

"లైబ్రరీ రాసిందా దాన్ని? గోడలు రాశాయా? రాసిన మనిషెవరని అడుగుతున్నాను."

"అది... సిబ్బంది అందరం కలిసి..."

సెగావా ఆ వంగిన తలల కేసి ఒకసారి అటు నుంచి ఇటు చూశాడు. "ఇంతమందున్నారు, మీలో మనిషన్నవాడు ఒక్కడు లేడా?" అని, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇత్సుకోకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అట్టముక్క మీది అక్షరాలు ఎవరివో ఆమెకి తెలుసు. అక్కడ పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. నీళ్ళ బిల్లుల మీద రాసినట్టు గుండ్రంగా, పొందిగ్గా ఉండే రాత. తదోకోరో వెనకే ఆయన గదిలోకి వెళ్ళింది.

"చదివారా మీరు?"

"మొదటి అధ్యాయం చదివాను. వెనక అట్ట మీదున్నదీ చూశాను," అన్నాడాయన, చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ. "పిల్లల పుస్తకం కదండీ. నారింజతోటలు, అమ్మమ్మ, వేసవి... అలాంటి కథలెలా ముగుస్తాయో మనకి తెలియదా ఏమిటి?"

"తెలియలేదుగా!"

"అరవకండి, బయట జనం ఉన్నారు. చూడండి కురమోచి గారూ, మీరు రేపు వాళ్ళింటికెళ్ళి రండి. స్టేషను దగ్గర కొట్లో మంచి మిఠాయి పెట్టె కొనండి, ఎర్రచిక్కుడు హల్వా అయితే మర్యాదగా ఉంటుంది. ఆడవాళ్ళు వెళ్తే కాస్త మెత్తగా ఉంటుంది. పైగా పిల్లల కౌంటరు మీదే కదా. ఎవరు రాశారన్నది మాత్రం ఎత్తకండి, ఇది సంస్థ మొత్తం తప్పు."

"సంస్థకి అమ్మ ఉందాండీ?" అంది ఇత్సుకో.

"అంటే?"

"ఏమీ లేదు. నా తప్పు నాకుంది, అది చెప్తాను వినండి. పిల్ల వచ్చి నోరు తెరిచి అడిగింది, అమ్మ వస్తుందా అని. నేనూ ఆ పుస్తకం చదవలేదు. మీ రాత చూసి వస్తుందని చెప్పాను. నా వంతుకి నేను వెళ్తాను, ఆ పిల్ల కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. మీ వంతు కూడా తెచ్చి నా నెత్తిన పెడతానంటే మాత్రం కుదరదు."

ఆయన కిటికీ కేసి చూశాడు. "నేను వెళ్తే అది అధికారికం అవుతుంది," అన్నాడు చివరికి.

బయటికొస్తుంటే మినెగిషి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "ఇత్సుకో గారూ, కాస్త చూసి మాట్లాడండి. మార్చిలో మీ కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే."

"పెట్టకపోతే మానెయ్యమను. అంతమంది వంగాం, ఒక్కళ్ళ నోటికి 'నేను' అన్న మాట రాలేదు. నీకు సిగ్గనిపించలేదా?"

మినెగిషి తలొంచుకుంది. అనిపించే ఉంటుంది.

లైబ్రరీలో ఆ పుస్తకం ఇంకో ప్రతి ఉంది. ఇత్సుకో ఆ సాయంత్రం ఇంటికి పట్టుకెళ్ళి, అన్నం కూడా వండుకోకుండా, బార్లీ నీళ్ళు తాగుతూ మొత్తం చదివింది. పుస్తకంలో ఏ తప్పూ లేదు. మంచి పుస్తకం. పుస్తకం రాసినామె అమ్మ పోతుందని ముందునించీ నెమ్మదిగా చెప్తూనే వస్తుంది, చదివేవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. కానీ అమ్మ వస్తుందని ముందే ఒట్టు పెట్టినట్టు చెప్పి పంపిస్తే ఏ పిల్ల ఆ చెయ్యి అందుకుంటుంది? ఏడుపొచ్చింది. ఏడుపయ్యాక ముందుకంటే ఎక్కువ కోపమొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి, పొద్దున్నే, మిఠాయి పెట్టె తన డబ్బుతోనే కొనుక్కుని వెళ్ళింది. సెగావా వాళ్ళిల్లు రేవు వెనక సందులో ఉంది. గుమ్మం పక్కన కుండీలో బీరపాదు తాడు పట్టుకుని పైకప్పు దాకా పాకింది, బడి పనిగా నాలుగో తరగతి పిల్లలు సెలవుల్లో పెంచాల్సింది అదే. పాపం, దానికి నిజంగానే నీళ్ళు బాగా పోస్తున్నారు.

సెగావా తలుపు తీశాడు. ఆమెనీ, పెట్టెనీ చూసి మొహం మాడ్చుకున్నాడు. "మిఠాయితో సరిపెడదామనా?"

"లేదండీ. మీ అమ్మాయితో మాట్లాడదామని."

కొతోహా లోపలి గది గుమ్మంలో నిలబడింది. పెట్టె కేసి కన్నెత్తి చూడలేదు.

"మీరు అబద్ధం చెప్పారు," అంది.

"అవును. చెప్పాను," అంది ఇత్సుకో. చెప్పులు విడిచే చోటే, గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. "చదవకుండా చెప్పాను. తెలీదని చెప్పాల్సింది. తప్పు చేశాను తల్లీ, క్షమించు."

"ఇప్పుడైనా చదివారా?"

"నిన్న చదివాను."

"ఏడ్చారా?"

"ఏడ్చాను."

పిల్ల కాస్త దగ్గరికొచ్చింది. "మా అమ్మ ఇంటికొస్తుందా?" అంది.

సెగావా బిగుసుకుపోయాడు. వస్తుందనమని కళ్ళతో బతిమాలాడు. ఆ మాట ఇత్సుకో నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అనేస్తే ఎంత హాయి!

"నాకు తెలీదమ్మా," అంది. "డాక్టర్లకి తెలిసినంత కూడా నాకు తెలీదు. నువ్వు వెళ్ళడం వల్ల చచ్చిపోదు, అది మాత్రం తెలుసు."

"మీకెలా తెలుసు? పుస్తకంలో అలాగే అయింది. నేనా పేజీ చదివాను కూడా. చదవకుండా ఉండాల్సింది." కొతోహా పళ్ళు బిగించింది. "అట్ట మీద రాసినవాళ్ళు చదివారా?"

ఎవరి పేరూ ఎత్తొద్దన్న మాట ఇత్సుకో చెవుల్లో ఉంది. మార్చిలో పెట్టాల్సిన సంతకమూ గుర్తుంది.

"మా డైరెక్టరు గారు రాశారు. చదవలేదు," అంది. "ఇప్పటికీ చదవలేదు."

"ఇప్పటికీనా?" కొతోహా కళ్ళు పెద్దవయ్యాయి. "నేను ఇన్ని రోజుల్నించీ... ఆయన ఇంకా చదవనే లేదా?"

"లేదు."

"అయితే చదవమనండి. నా ముందు చదవాలి. పైకి."

సెగావా నోరు తెరిచాడు. "కొతోహా, పెద్దవాళ్ళని అలా..."

"పదండి," అంది ఇత్సుకో, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "ఇప్పుడే వెళ్దాం."

డైరెక్టరు గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇత్సుకో దాన్ని బార్లా తెరిచి, మూసుకోకుండా కుర్చీ అడ్డం పెట్టింది. తదోకోరో గబగబా లేచి, చొక్కా సర్దుకుని వంగాడు. "మా లైబ్రరీ వల్ల పాపకి..."

కొతోహా బల్ల మీద పుస్తకం పెట్టింది. ఆఖరి అధ్యాయం దగ్గర తెరిచింది. "క్షమాపణ వద్దు. చదవండి," అంది.

ఆయన సెగావా కేసి చూశాడు. సెగావా చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. ఇత్సుకో కేసి చూశాడు. ఆమె మొహంలో ఆయనకి ఏ సాయమూ దొరకలేదు. బయట పేపర్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

తదోకోరో కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. ముందు నీళ్ళ సరఫరా ఆపేస్తున్నామని మైకులో చెప్పినట్టే చదివాడు. కథలోని పిల్ల బస్సెక్కింది. నారింజపండ్లు జేబులో పెట్టుకుంది. ఆసుపత్రి మెట్లెక్కింది. అమ్మ చెయ్యి పట్టుకుంది. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతులో ఆ మైకు పోయింది. పేజీ తిప్పాడు. పైకి చదవకుండా కళ్ళతో కొంచెం ముందుకెళ్ళి, ఆగిపోయాడు.

"ఆపొద్దు," అంది కొతోహా. "నేను ఆపలేదు. అప్పుడు ఇంట్లో ఎవరూ లేరు."

ఆయన చదివాడు. చివరి వాక్యం దాకా, ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి పెడుతూ చదివాడు. అయిపోయాక కళ్ళద్దాలు తీశాడు గానీ కళ్ళు తుడుచుకోలేదు. "నేను రాసింది..." అని మొదలుపెట్టాడు.

కొతోహాకి అదేం పట్టలేదు. "మీకు అమ్మ ఉందా?" అంది.

"ఉంది. కొండ అవతల, మా పాత ఊళ్ళో."

"మీరిప్పుడు ఆ పేజీ చదివారు కదా. ఫోను చెయ్యండి."

తదోకోరోకి అర్థం కాలేదు. ఇత్సుకోకి అయింది. ఆ పేజీ చదివినవాళ్ళ అమ్మకి ఏమవుతుందో చూడాలి ఆ పిల్లకి. "చెయ్యండి," అంది. "అందరికీ వినపడేలా పెట్టండి."

ఆయన నంబరు నొక్కాడు. మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు. ఇంకా మోగుతోంది. తదోకోరో మొదట ఇబ్బందిగా నవ్వబోయాడు. తర్వాత ఆ నవ్వు పోయింది. పొద్దున్నపూట ఇంట్లోనే ఉంటుందే, అని గొణిగాడు. నుదుట చెమట పట్టింది. బాగా అయింది, కాస్త రుచి చూడు, అనుకుంది ఇత్సుకో కసిగా. అంతలోనే తను కూడా ఊపిరి బిగబట్టి ఉన్నానని గమనించుకుంది. కొతోహా రెండు చేతులతో తండ్రి చొక్కా పట్టేసుకుంది.

"ఎవరూ?" అంది ఫోనులో ముసలి గొంతు, ఊరంతా వినపడేంత గట్టిగా.

"అమ్మా! నేనే," అన్నాడు తదోకోరో.

"ఏరా మసనోరీ! ఆఫీసు వేళప్పుడు ఫోనేంట్రా? ఉద్యోగం గానీ ఊడగొట్టుకున్నావా?"

"లేదమ్మా. నువ్వు... బావున్నావా?"

"బావుండకేం రోగం? పెరట్లో దోసకాయలు కోసుకుంటుంటే పరిగెత్తించావు, మోకాళ్ళు పట్టేశాయి. ఆ గొంతేంట్రా అలా ఉంది? ఏడుస్తున్నావా? ఎవరు చచ్చిపోయారో చెప్పు!"

"ఎవరూ చచ్చిపోలేదమ్మా," అన్నాడు తదోకోరో. "ఎవరూ చచ్చిపోలేదు."

కొతోహా ఆ ఫోను కేసి అలాగే చూస్తూ నిలబడింది. అవతల ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది, దోమల్నీ, కొడుకునీ, దోసకాయల్నీ కలిపి. కొతోహా తండ్రి చొక్కా వదిలింది.

"నాన్నా, ఇప్పుడెళ్తే లోపలికి రానిస్తారా?" అంది.

సెగావా అవునన్నట్టు తలూపాడు. బండి తాళాల కోసం ఒక జేబు తర్వాత ఇంకో జేబు వెతుక్కున్నాడు.

తదోకోరో ఫోను పెట్టేసి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆ పిల్ల ముందు వంగాడు. "నేను రాశాను. చదవకుండా రాశాను," అన్నాడు. ఈసారి లైబ్రరీ ఊసెత్తలేదు.

కొతోహా ఆయన్ని దాటుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "నాకింకా కోపంగానే ఉంది. మీ ఇద్దరి మీదా," అంది.

"ఉండనీ తల్లీ, అది నీదే," అంది ఇత్సుకో. "ముందు అమ్మ దగ్గరికి పో. వచ్చి ఎంత కోప్పడతావో కోప్పడుదువు గాని, మేమెక్కడికీ పోం."

ఆ మాట సగంలో ఉండగానే పిల్ల పేపర్ల ముసలాళ్ళ మధ్య నుంచి పరిగెత్తింది. లైబ్రరీలో పరిగెత్తకూడదని ఎవరూ అనలేదు.